గీజరు వెనక గోడ

"గీజరు తీపిస్తారాన్నా, ల్యాకుంటే చుట్టూ కొట్టేదా?"

నంద్యాలలో మా ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు, బాత్రూమ్ దాకా వచ్చాక పెయింటర్ అడిగిన మాట ఇది. చెల్లెలి పెళ్ళికి ఇరవై రోజులుంది. హాలు, వంటిల్లు, పడకగదులు అయిపోయాయి. మిగిలింది బాత్రూమ్‌లో టైల్స్‌కి పైన ఉన్న రెండున్నర అడుగుల గోడ. ఆ గోడకి తొమ్మిదేళ్ళుగా పదిహేను లీటర్ల గీజరొకటి వేలాడుతోంది. దాని వెనక దాక్కున్న గోడ ఎంతని? అడుగున్నర పొడవు, అంతకంటే కాస్త తక్కువ వెడల్పు.

అమ్మ వంటింట్లోంచే తేల్చేసింది. "చుట్టూ కొట్టెయ్ నాయనా. దాని ఎనకాల ఎవురు సూడొస్తారు?"

"లేదు, తీసే వెయ్యాలి" అన్నాను నేను.

హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వచ్చినవాణ్ణి. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి, పని అంటే ఎలా ఉండాలో అభిప్రాయాలున్నవాణ్ణి. కనిపించని చోట కూడా పని సరిగ్గా చేయడమే నిజాయితీ అన్న విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. ఆ మాట అన్నాక కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు రాస్తున్నది ఆ గర్వం గురించే.

నా పట్టుదలకి కారణం లేకపోలేదు. బాత్రూమ్‌లో ఆవిరి పైకి పోతుంది. పోయి, గాలి ఆడని చోట నిలబడుతుంది. గీజరుకీ గోడకీ మధ్య ఉండే రెండు వేళ్ళ సందు అలాంటి చోటే. అక్కడ తేమ ఆరదు, నల్లబూజు పడుతుంది. చుట్టూ కొత్త రంగు వేసి ఆ ముక్కని వదిలేస్తే, రెండు వానాకాలాల తర్వాత బూజు అంచుల్లోంచి బయటికి పాకుతుంది. రంగు పొక్కుతుంది. చలిదేశాల్లో ఇళ్ళలో తువ్వాళ్ళు ఆరేసుకోడానికి వేడినీళ్ళు పారే గొట్టాల చట్రం ఒకటి గోడకి బిగించి ఉంటుంది. రంగులు వేసే ముందు వాళ్ళకీ ఇదే తగువు: విప్పాలా, సన్నబ్రష్షుతో సందుల్లో గీకాలా? (మాకు ఆ చట్రం యోగం లేదు. మే నెలలో నంద్యాల మిద్దె మీద దండేనికి వేసిన తువ్వాలు పది నిమిషాల్లో అప్పడమవుతుంది.)

అయితే గీజరు తీయడమంటే గడియారం దించినట్టు కాదు. మీటరు దగ్గర స్విచ్ ఆపాలి. చన్నీళ్ళు వచ్చే యాంగిల్ కాక్ కట్టెయ్యాలి. నీళ్ళు వంచెయ్యాలి, ఆ నీళ్ళే పదిహేను కిలోలు. కింద రెండు పైపుల నట్లు విప్పాలి. అసలు కష్టం అక్కడ. మాది బోరు నీళ్ళు. తొమ్మిదేళ్ళ ఉప్పు ఆ నట్లకి పట్టి, సున్నపురాయిలా గట్టిపడి ఉంటుంది. పానా వేసి బలంగా తిప్పితే నట్టు తిరగకుండా గోడలో ఉన్న పైపు తిరుగుతుంది. పైపు తిరిగితే లోపల ఎల్బో పగులుతుంది. అది పగిలితే టైల్స్ పగలగొట్టాలి. తొమ్మిదేళ్ళ కిందటి టైల్ డిజైన్ ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు.

పెయింటర్ ఇదంతా నాలుగు మాటల్లో చెప్పాడు. "పాతదన్నా. కదిలిస్తే ఊరుకోదు."

పైగా అది అతని పని కాదు. పైపులు ప్లంబరువి, వైరు ఎలక్ట్రీషియన్‌ది, గోడ అతనిది. గీజరు వెనక గోడ మాత్రం ముగ్గురిలో ఎవరిదీ కాదు. నేను ఇంకో వాదన తీశాను. "నువ్వు కొలత వేసినప్పుడు గీజరు తీసేసి కొలవలేదు కదా, గోడ మొత్తం అడుగుల్లెక్కన వేసుకున్నావు. అంటే దాని వెనక గోడక్కూడా డబ్బులిస్తున్నా." బాగా పట్టుకున్నాననుకున్నాను. అతను విసుక్కోలేదు. కిటికీలూ స్విచ్‌బోర్డులూ అన్నీ అట్లే కొలుస్తారనీ, వాటి చుట్టూ అంచు తెగకుండా బ్రష్షు తిప్పడానికి పట్టే టైము ఆ మిగులులో సరిపోతుందనీ చెప్పాడు. ఆ లెక్క న్యాయమైనదే. నాకు తెలియని లెక్క, అంతే.

సరే, ప్లంబర్ని పిలిపిద్దామన్నాం. ప్లంబరు రేపన్నాడు. పెళ్ళిళ్ళ సీజన్లో రేపంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం అతను అరుగు మీద టిఫిన్ క్యారియర్ విప్పుకున్నాడు. నేను పక్కన కూర్చుని వాట్సాప్‌లో అందరికీ వచ్చే ఆ శిల్పి కథ చెప్పాను. మీకూ వచ్చే ఉంటుంది. ఒక శిల్పి విగ్రహం చెక్కుతుంటాడు. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకోటి పడి ఉంటుంది. చూడ్డానికి వచ్చినాయన ఇదెందుకు పడేశావంటాడు. ముక్కు మీద చిన్న గీత పడిందంటాడు శిల్పి. ఎక్కడ నిలబెడతారు? ఇరవై అడుగుల స్తంభం మీద. అంత ఎత్తులో ఆ గీత ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది కదా అంటాడు శిల్పి. కథ అయిపోతుంది, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంటుంది.

పెయింటర్ అన్నం కలుపుతూ విన్నాడు. విని అడిగాడు. "ఆ రెండో రాయికి దుడ్లు ఎవురిచ్చినారన్నా?"

నేను నవ్వాను.

"నవ్వేది కాదన్నా. మల్లా సెక్కినన్ని దినాలు ఆయప్ప ఇంట్లో పొయ్యెట్లా ఎలిగింది?"

కథ అతనికి అర్థం కాలేదనుకున్నాను. అర్థమైంది అతనికేనని తెలుసుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది.

'ఎవరూ చూడకపోతే?' అన్న ప్రశ్న తత్వశాస్త్రంలో చాలా పాతది. ప్లేటో 'రిపబ్లిక్' రెండో భాగంలో గ్లాకన్ ఒక గొర్రెలకాపరి కథ చెబుతాడు. లిడియా రాజు దగ్గర పనిచేసే ఆ కాపరికి భూకంపంలో చీలిన నేల కింద ఒక ఉంగరం దొరుకుతుంది. దాని రాయిని అరచేతి వైపు తిప్పితే మనిషి మాయమైపోతాడు. కాపరి ఆ ఉంగరంతో రాణిని వశం చేసుకుంటాడు, రాజుని చంపి రాజ్యం తీసుకుంటాడు. ఇలాంటి ఉంగరం ఉంటే ఏ మంచివాడైనా మంచిగా ఉంటాడా అన్నది గ్లాకన్ సవాలు. కాలేజీలో ఇది చదివినప్పుడు అందరిలాగే నేనూ రాత్రంతా నిద్రపోలేదు.

మా అమ్మ అడిగిందీ అదే ప్రశ్న, కొంచెం మెత్తగా: ఎవురు సూడొస్తారు? కానీ ఆ కాపరికీ నాకూ ఒక తేడా ఉంది. నేను పట్టించుకోనిది ఆ తేడానే. ఉంగరం వేలికి ఉన్నవాడే దొంగతనం చేస్తాడు, మానితే ఆ నష్టమూ తనే భరిస్తాడు. చేసేదీ, మానేదీ, పోగొట్టుకునేదీ ఒక్కడే. వాట్సాప్ శిల్పి విషయంలోనూ అంతే అన్నట్టు ఆ కథ మనల్ని నమ్మిస్తుంది: రాయి అతనిదే, చెమట అతనిదే, మనస్సాక్షీ అతనిదే. నా గీజరు కథలో మనస్సాక్షి నాది, చెమట ఇంకొకరిది. నేను చేయగలిగిందల్లా 'తీసే వెయ్యాలి' అనడం. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం పట్టింది, అంతకంటే ఏ ఖర్చూ లేదు. అంత చవకగా దొరికే సద్గుణం మీద నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మా అవ్వ వాళ్ళ ఇల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఉండేది. అక్కడ బాత్రూమ్ లేదు, పెరట్లో జాలాడి ఉండేది. నేల మీద బేతంచెర్ల బండలు, మూడు వైపులా మట్టిగోడ, ఒక మూల పొయ్యిలో బిగించేసిన రాగి కాగు. కింద కందికట్టె మండుతూ ఉండేది. కాగు వెనక గోడ పుట్టినప్పటి నుంచీ నలుపే. సంక్రాంతి ముందు అవ్వ చీర ఎగ్గట్టి, సున్నం కలుపుకుని, ఈతాకు కుంచెతో తనే గోడలన్నీ కొట్టేది. కాగు దగ్గరికొచ్చేసరికి చుట్టూ ఒక గీత గీసినట్టు ఆపేసేది. మసి మసిగానే ఉండేది. ఆమె పని సగం చేసిందని ఎవరూ అనలేదు, ఆమెకీ అనిపించి ఉండదు. కాగు గోడలో భాగం. తీయగలిగినదాన్ని తీయలేదంటేనే తప్పు పట్టగలం. చేయగలిగినదాన్నే చెయ్యమని అడగాలన్నది కాంట్ కూడా ఒప్పుకున్న సంగతి. మరమేకులు వచ్చి, వస్తువులు గోడకి వేలాడడం మొదలయ్యాకే 'తీసి వేశావా, చుట్టూ వేశావా' అన్న పాపభీతి ఇళ్ళలోకి వచ్చిందేమో.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ ఇంట్లో ఎక్కడ ఆపాలో నిర్ణయించిన చెయ్యీ, కుంచె పట్టిన చెయ్యీ ఒకటే. అవ్వకి ఒళ్ళు నొప్పిగా ఉంటే ఆ ఏడు దూలం కింద మూల వదిలేసేది. ఎక్కువ ఓపిక ఉంటే గాదె వెనక కూడా కొట్టేది. ఆమె నిజాయితీకి ఆమె నడుమే కొలబద్ద. ఆ కాలాన్ని మరీ పొగడక్కర్లేదు లెండి. అదే ఊళ్ళో పెద్దిళ్ళకి సున్నం కొట్టినవాళ్ళు వేరే. వాళ్ళ నడుముల లెక్క ఎవరూ అడగలేదు. మా బాత్రూమ్‌లో నేను నిలబడ్డది అవ్వ స్థానంలో కాదు, ఆ పెద్దిళ్ళ అరుగు మీద.

ప్లంబరు మర్నాడు రాలేదు. ఇంట్లో ఉండి చేసేదేమీ లేక శుభలేఖలు పంచడానికి ఆళ్లగడ్డ బయల్దేరాను. శిరివెళ్ల మీదుగా నలభై కిలోమీటర్లు. ఆళ్లగడ్డ అంటే బయటివాళ్ళకి అహోబిలం దారి, లేదా రాజకీయాలు. మా వైపు వాళ్ళకి శిల్పులు కూడా. రోడ్డు పక్కనే షెడ్లు, బయట వరసగా సగం సగం విగ్రహాలు: తల మాత్రమే తేలిన ఆంజనేయుడు, నడుము దాకా రాయిలోనే ఉన్న అమ్మవారు, కళ్ళద్దాలు పూర్తయి చెప్పులు ఇంకా పుట్టని నాయకుడు. ఇప్పుడు ఉలితో పాటు గ్రైండర్లు కూడా తిరుగుతాయి. రోడ్డు మీద పోయేవాళ్ళక్కూడా ఆ దుమ్ము ముక్కుకి తగులుతుంది. లోపల పనిచేసేవాళ్ళు ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉంటారు.

తెలిసినాయన ఇంటికి శుభలేఖ ఇచ్చి వస్తూ ఒక షెడ్డు ముందు ఆగాను. గర్భగుడిలోకి వెళ్ళే నల్లరాతి విగ్రహం ఒకటి వెనక్కి తిప్పి ఉంది. వీపు మీద జడ, జడ కింద నగ, పట్టుచీర కుచ్చు అన్నీ ఉన్నాయి. ఇది గోడ వైపు కదా ఉండేది, ఎవరు చూస్తారని అడిగాను. అడగ్గానే అమ్మ గొంతు వినిపించింది నాకు. ఆయన ఉలి ఆపకుండానే అన్నాడు, చూసేవాళ్ళు లేకపోయినా తాకేవాళ్ళుంటారని. అభిషేకం చేసే పూజారి చెయ్యి రోజూ వీపు మీదికి పోతుంది. ఆ చేతికి తెలుస్తుంది.

నాకు కావలసిన జవాబు దొరికిందనుకుని సంబరపడబోతుండగా ఆయన మిగతాది చెప్పాడు. అన్ని విగ్రహాలకీ ఇలా చెయ్యరు. బేరం మాట్లాడేటప్పుడే అడుగుతారు: వెనక పని కావాలా, చదును చేసి వదలాలా? కావాలంటే దానికి రోజులు వేరే, కూలి వేరే. సగం అయ్యాక వెనక కూడా చెయ్యమంటే? "చేస్తాం సార్. లెక్క మళ్ళీ రాసుకుంటాం."

మరి ముక్కు మీద గీత పడితే? ఆ కథ ఆయనకీ వాట్సాప్‌లో వచ్చిందట. నవ్వాడు. మొదలుపెట్టకముందే రాయిని సుత్తితో కొట్టి చూపించాడు, ఇదిగో ఇలా వింటామని. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల పగులుంటే ధ్వని బొంగురుపోతుంది. శిల్పశాస్త్ర గ్రంథాలు రాళ్ళని ధ్వనిని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీసి, దేన్ని దేనికి వాడాలో చెప్పాయి. భంగపడ్డ విగ్రహానికి పూజ ఉండదన్నది అందరికీ తెలిసిన నియమం. అందుకే జాగ్రత్తంతా ముందే. చెక్కడం అయ్యాక పగులు బయటపడితే ఒక మనిషి నెలల కష్టం పోతుంది. మొదటి దెబ్బకి ముందే పడితే ఒక రాయి మాత్రం పక్కకి జరుగుతుంది.

బస్సులో తిరిగొస్తూ ఆ 'ముందే' అన్న మాట దగ్గరే ఉండిపోయాను. నేను పెయింటర్‌తో బేరం మాట్లాడింది పదిరోజుల కింద. బాత్రూమ్ చూపించాను, గీజరుని ఇద్దరం చూశాం. ఆ రోజు 'ఇది తీసి వెయ్యాలి' అని ఉంటే అది ఒక షరతు. అతను ఒక లెక్క చెప్పేవాడు, నేను బేరమాడేవాణ్ణి, కుదిరితే కుదిరేది. రేటు ఖాయమై, పని చివరికొచ్చాక అంటే అది తీర్పు. కాదంటే అతను పనిదొంగ అవుతాడు, సరేనంటే ఒక పూట కూలి పోగొట్టుకుంటాడు. ఏ కోరికైతే మొదటి రోజు న్యాయమో అదే కోరిక పదో రోజు జులుం కావచ్చు. నీతి గురించి నేను చదివిన పుస్తకాల్లో 'ఏది సరైనది' అన్న చర్చే ఎక్కువ. 'ఎప్పుడు చెప్పావు' అన్నది ఎక్కడో అధోజ్ఞాపికల్లో ఉంటుంది.

కనిపించని పని గొప్పదనానికి ప్రపంచమంతా చూపించే ఉదాహరణ ఏథెన్స్‌లోని పార్థినాన్. క్రీ.పూ. 447లో మొదలైన ఆ గుడి కప్పు కింద ముక్కోణపు అరల్లో పెట్టిన దేవతల విగ్రహాలకి వీపు వైపు కూడా బట్టల మడతలు చెక్కారు. అంత ఎత్తున, గోడకి ఆనుకున్న వీపుల్ని కింద నిలబడ్డ ఏ మనిషీ చూసే వీలు లేదు. ఇవాళ మనం చూడగలుగుతున్నాం. 1801 నుంచి లార్డ్ ఎల్గిన్ మనుషులు వాటిలో చాలావాటిని ఊడదీసి పట్టుకుపోయారు, 1816లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టింది. అక్కడ చుట్టూ తిరిగి చూడొచ్చు. తీస్తేనే వెనక పని బయటపడింది, తీసింది మాత్రం దోపిడీ. ఇంతవరకూ చాలామంది రాస్తారు. తక్కువమంది రాసేది ఏమంటే, ఆ గుడి ఖర్చుల పద్దులు పాలరాతి మీద చెక్కి అందరికీ కనిపించేలా నిలబెట్టారు. ముక్కలు ముక్కలుగానైనా ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. ముక్కోణపు అరల శిల్పాలు చెక్కినవాళ్ళకి ఇచ్చిన సొమ్ము వాటిలో ఒక పద్దు. వీపులు ఎవరికీ కనిపించవు, కూలి మాత్రం ఊరందరికీ కనిపించేది. మా పెయింటర్ అడిగిన ప్రశ్నకి ఏథెన్స్ వాళ్ళ దగ్గర జవాబుంది. వాట్సాప్ కథ రాసినవాడి దగ్గర లేదు.

అంటే డబ్బిస్తేనే నిజాయితీ, లేకుంటే లేదా? అంత తేలిక కాదు. రెండో రోజు ఉదయం ఒకటి గమనించాను. తలుపులకి రంగు వేస్తున్నప్పుడు అతను స్టూలెక్కి ప్రతి తలుపు పైఅంచు మీద బ్రష్షు లాగుతున్నాడు. ఆరడుగుల మనిషికి కూడా ఆ అంచు కనపడదు. ఎందుకని అడిగితే, "అది వదిలేస్తే చెక్క తేమ తాగుతాదన్నా, వానాకాలం తలుపు బిగుస్తాది" అన్నాడు. నేను అడగలేదు, అమ్మ అడగలేదు. వేయకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. తలుపు బిగుసుకుంటే వానల్ని తిట్టుకునేవాళ్ళం. తన పని ఎక్కడి దాకా అన్నది అతనికొక లెక్కుంది, ఆ లెక్కలో ఎవరికీ కనిపించని జాగాలు కూడా ఉన్నాయి. వాటిని అతను ఎవరికీ చెప్పలేదు. నేనేమో నా ఒక్క జాగాని నలుగురికీ వినిపించేలా ప్రకటించాను.

ప్లంబరు మూడో రోజు వచ్చాడు. ఎడమ నట్టు వచ్చింది. కుడి నట్టు రాలేదు. ఏదో నూనె పోసి అరగంట ఆగాడు, పానాకి ఇనపగొట్టం తొడిగి లాగాడు. లోపల ఎక్కడో 'టక్' మంది. తర్వాత జరిగింది పెయింటర్ ముందే చెప్పిన వరసలోనే జరిగింది. ఎల్బో, టైల్, నీళ్ళు. ఇంటికి నీళ్ళు ఆపేశారు. రెండు టైల్స్ పగలగొట్టి, కొత్త ఎల్బో అతికించి, అది ఆరేదాకా ఒక రోజంతా మేం పక్కింటి నుంచి బిందెలు మోసుకున్నాం. దొరకని డిజైన్ చోట తెల్ల టైల్స్ రెండు వేశారు. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా అమ్మకి చేతకాని పని, కాబట్టి ఎంత కష్టపడిందో ఊహించుకోవచ్చు.

గీజరు దిగాక వెనక గోడ కనిపించింది. లేత ఆకుపచ్చ డిస్టెంపరు, తొమ్మిదేళ్ళ కిందటిది. మధ్యలో మేం ఒకసారి క్రీమ్ రంగు వేయించాం. అప్పుడూ చుట్టూనే కొట్టారన్నమాట, అప్పుడు నేను నంద్యాలలో లేను, నీతి గురించి ఎవరికీ పట్టలేదు. ఆకుపచ్చ మీద అంచుల్లో నల్లబూజు. మధ్యలో పెన్సిలుతో గీసిన రెండు కూడికల గుర్తులు, వాటి పక్కన ఒక తప్పు రంధ్రం, అందులో మడిచి కుక్కిన పేపరు ముక్క. ఎవరో డ్రిల్లు తప్పు చోట దించి, కంగారుపడి, పేపరు కుక్కి, గీజరు తగిలించేసి, వెనక దాచేసి ఇంటికి వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళు ఎవరికీ తెలియలేదు. నాకు నవ్వొచ్చింది. అతని మీద కోపం రాలేదు, ఎందుకో.

పెయింటర్ బూజు గీకి, లప్పం పెట్టి, ఆరడానికి వదిలాడు. ఆ మూడు రోజుల్లో అతనికి పోయింది నా ఒక్క గోడ కాదని నాలుగో రోజు తెలిసింది. శిరివెళ్లలో ఒక ఇల్లు ఒప్పుకుని ఉన్నాడు. మా దగ్గర ముగించుకుని వస్తానన్న రోజు దాటిపోయింది. వాళ్ళకీ శుభకార్యమే, వేరేవాణ్ణి పెట్టుకున్నారు. ఇది అతను నాకు చెప్పలేదు. ఫోన్లో ఎవరితోనో బతిమాలుతూ మాట్లాడుతుంటే విన్నాను. ఫోన్ పెట్టేసి ప్రైమర్ డబ్బా మూత తీశాడు.

లెక్క చూసుకునే రోజు అనుకున్న మొత్తం ఇచ్చాను. మూడు రోజుల గురించి ఏమన్నా అంటాడేమోనని చూశాను. అంటే ఇద్దామనుకున్నాను. నిజంగా ఇద్దామనే అనుకున్నాను, అది కూడా రాసుకోవాలి కదా. అతను అనలేదు. అడగనివాడికి ఇస్తే అవమానపడతాడేమో అని ఒక సున్నితమైన కారణం కూడా నాకు ఆ క్షణంలో దొరికింది. అలాంటి కారణాలు నాలాంటివాళ్ళకి ఎప్పుడూ సమయానికి దొరుకుతాయి. అమ్మ మాత్రం లోపల్నుంచి వచ్చి, ఒక జాకెట్ గుడ్డ, శుభలేఖ, వాటి కింద మడిచిన నోట్లు పెట్టి, "మీ ఇంటామెకియ్యి నాయనా, పెండ్లికి ఇద్దరూ రావాల" అంది. ఎంతిచ్చిందో నేను అడగలేదు. గీజరు వెనక గోడ అక్కర్లేదన్న మనిషి ఆవిడే.

పెళ్ళికి మూడు రోజుల ముందు ప్లంబరు గీజరు మళ్ళీ బిగించాడు. పాత రంధ్రాలు వదులైపోయాయి, బోల్టు పట్టడం లేదు. రెండంగుళాలు కుడికి జరిపి కొత్త రంధ్రాలు వేశాడు. దాంతో ఎడమ పక్క, ఇన్నాళ్ళూ గీజరు వెనక ఉన్న గోడలోంచి రెండంగుళాల పట్టీ బయటపడింది. అక్కడ రంగు మిగతా గోడ కంటే పల్చగా ఉంది. మిగతా చోటంతా రెండు కోట్లు, అక్కడ ఒకటే వేసినట్టుంది. తడిగోడ కాబట్టి రంగు పీల్చేసుకుని ఉండొచ్చు కూడా. లైటు వేసి దగ్గరగా చూస్తే వెనక నుంచి ఆకుపచ్చ లీలగా తెలుస్తుంది.

పెళ్ళికి అతనూ భార్యా వచ్చారు. భోజనాల దగ్గర కనిపించి, "గీజరు బాగుందాన్నా?" అని అడిగాడు. బాగుందన్నాను.

పండక్కి వెళ్ళినప్పుడు స్నానానికి నిలబడితే ఆ పట్టీ సరిగ్గా కళ్ళెదురుగా ఉంటుంది. మొన్న అమ్మ సబ్బుపెట్టె పెట్టడానికి వచ్చి, నేను పైకి చూస్తుండడం చూసి, "ఏందిరా, మల్లా బూజు పట్టిందా?" అంది.

"లేదు" అన్నాను.